బోర్డు గోడకు గట్టు మరవకండి

సంపాదకులకు నమస్కారం.

హాలును రెండు గదులు చేసుకోవాలంటే ఇటుక గోడ కంటే జిప్సం బోర్డు గోడ మేలని ఆదివారం మీ పత్రికలో రాశారు. ఆ పని మీదే బతుకుతున్నవాణ్ణి, కాదనను. ప్లాస్టరింగుతో కలిపి ఇటుక గోడ చదరపు అడుగుకు 20 కిలోల పైమాటే. బోర్డు గోడ 2 కిలోలకు కాస్త అటూ ఇటూ. మేడ మీద, కింద దూలం లేని చోట అడ్డుగోడ కావాలంటే ఇదే దారి.

కానీ గోడ అడుగు భాగం సంగతి మీ వ్యాసం ఎత్తనే లేదు. బోర్డు అంటే మధ్యలో జిప్సం, రెండు వైపులా మందపాటి కాగితం. ఇలాంటి గోడలు ఎక్కువగా వాడే అమెరికాలో ఇంట్లో బకెట్లతో నీళ్లు పోసి నేల కడగరు. మన దగ్గర శుక్రవారం వచ్చిందంటే నీళ్లు గుమ్మరించి చీపురుతో గడప దాకా తోస్తారు. ఆ నీళ్లను బోర్డు అంచు, వత్తి నూనెను పీల్చినట్టు పైకి లాగేస్తుంది. కొన్నాళ్లకు రంగు ఉబ్బుతుంది, అడుగున నల్లటి బూజు కనిపిస్తుంది. ఇంటివాళ్లేమో నాసిరకం సరుకు వేశావని మమ్మల్ని నిలదీస్తారు.

దీనికి మందు చిన్నదే. ముందుగా నేల మీద 4 అంగుళాల ఎత్తున కాంక్రీటు గట్టు పోయించాలి. అది గట్టిపడ్డాక దాని మీద అడుగు చానల్ (బోర్డులను పట్టి ఉంచే రేకు చట్రం) బిగించి, 2 అడుగులకొకటి చొప్పున నిలువు చానళ్లు నిలబెట్టాలి. బోర్డును గట్టుకు ఆనించకుండా చిటికెన వేలు పట్టేంత సందు వదిలి, సీలెంటుతో నింపాలి. గట్టుకు టైల్ పట్టీ అంటిస్తే సరి. 10 అడుగుల గోడకు అర బస్తా సిమెంటు కూడా పట్టదు.

మరి ఎందుకు చేయరంటే, గట్టు తాపీ మేస్త్రి పని, బోర్డు మా పని. గట్టు ఆరేదాకా ఆగుదామని నేనంటే, చదరపు అడుగుకు 10 రూపాయలు తగ్గించి ఇంకొకడు ఆ సాయంత్రమే చానళ్లు దింపేస్తాడు. పచ్చ బోర్డు వేయిస్తున్నాం కదా, భయమేమిటని కొందరంటారు. అది చెమ్మను కొంత తట్టుకుంటుంది, నిలిచిన నీటిని కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు మా సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అంత వరదను ఏ గట్టూ ఆపదు, అది వేరే సంగతి. బాధ ఏమిటంటే, తడిసిన బోర్డులను ఎండనిచ్చి పైన పుట్టీ, రంగు కొట్టించిన ఇళ్లున్నాయి. నీళ్లలో నానిన బోర్డు ఎండినా దాన్ని నమ్మడానికి లేదు. శబ్దం రాకుండా లోపల గాజు ఉన్ని పెట్టి ఉంటే దాని తడి ఒక పట్టాన పోదు. గోడంతా పీకనక్కర్లేదు. నీటి చారకు ఒక అడుగు ఎత్తు పైదాకా బోర్డును కోసి తీసేసి, చానళ్లు కడిగి, బాగా ఆరాక కొత్త ముక్క వేసుకోవచ్చు. ఇటుక గోడకు లేని సౌకర్యమిది, వాడుకోరేం?

మీ ఆదివారం పేజీలో ధరల పట్టిక వేసేటప్పుడు, బోర్డు రేటు కింద గట్టు ఖర్చును కూడా ఒక వరుసలో చూపించండి. అప్పుడు కొటేషనులో దాన్ని రాసినవాడు ఎక్కువ గుంజుతున్నాడని ఎవరూ అనుకోరు.

- ఒక జిప్సం బోర్డు మేస్త్రి, సింగ్ నగర్, విజయవాడ