వార్షిక నివేదిక: 1/200 విక్రాంత్ ఉమ్మడి నమూనా, మొదటి ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించిన ఉమ్మడి ప్రాజెక్టు, అంటే పాత ఐఎన్ఎస్ విక్రాంత్ విమానవాహక నౌకకు 200వ వంతు నమూనా, ఈ ఏడాది హల్ (ఓడ ఒళ్లు) పూర్తయి ఫ్లైట్ డెక్ (విమానాలు ఎగిరి దిగే పై తలం) దాకా వచ్చింది. ఐలాండ్, అంటే డెక్ పక్కన లేచే బ్రిడ్జి కట్టడం, ప్రైమర్ పూత దశలో ఉంది. తొమ్మిది విమానాల్లో ఆరు తయారయ్యాయి. తుపాకులు, పడవలు, రెయిలింగులు, మాస్టు మిగిలాయి. వేసుకున్న లెక్కకు నాలుగు నెలలు వెనకబడ్డాం. పని రాక ఆలస్యం కాలేదు, మూడు ఊళ్లలో మూడు స్కేళ్లతో కొలవడం వల్ల అయింది. అందుకే ఈసారి నివేదికలో సగం కొలతల గొడవే ఉంటుంది, ఓపిక పట్టండి.

ఏ విక్రాంత్, ఏ సంవత్సరంది?

కార్యవర్గానికి ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఇది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్‌కు పేరూ పాతదే, ఆర్11 అనే నంబరూ పాతదే. ఫొటోలు వెతికితే రెండూ కలిసి వస్తాయి. కొత్తది 262 మీటర్లు, పాతది 213.4 మీటర్లు. మనం చేస్తున్నది పాతది. బ్రిటన్‌లో 1943లో హెచ్ఎంఎస్ హెర్క్యులిస్‌గా మొదలై, 1945లో నీళ్లలోకి దిగి, యుద్ధం అయిపోవడంతో సగంలో ఆగిపోయింది. 1957లో మన దేశం కొనుక్కుంది. బెల్‌ఫాస్ట్‌లో పూర్తయ్యాక 1961 మార్చి 4న సేవలో చేరింది.

అయితే పాతదాంట్లోనూ రెండు రూపాలున్నాయి. 1971లో ముందు భాగం చదునుగా ఉండేది, విమానాలను ఆవిరి కాటపుల్ట్ విసిరేది. 1980ల్లో సీ హారియర్ జెట్ విమానాల కోసం కాటపుల్ట్ తీసేసి ముందు స్కీ జంప్ (పైకి వంగిన వాలు) కట్టారు. ఫొటోలో ఓడ ముక్కు పైకి లేచి ఉంటే ఆ ఫొటో మనకు పనికిరాదు, ఎంత స్పష్టంగా ఉన్నా సరే. మన నమూనా 1971 డిసెంబరు 4 నాటిది. ఆ రోజు దాని మీది సీ హాక్ యుద్ధ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. అంతకు ముందే విక్రాంత్ విశాఖ వదిలి అండమాన్ వైపు వెళ్లిపోయింది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ దగ్గరే మునిగింది. మన ఊరి సంఘం ఈ ఓడనే ఎంచుకోవడానికి వేరే కారణం చెప్పనక్కర్లేదు.

అసలు ఓడ ఇప్పుడు లేదు. 1997లో సేవ నుంచి తప్పుకుంది, ముంబయిలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉంది, ఆ తర్వాత తుక్కుకు పోయింది. ఆ ఉక్కు కొంత కలిపి మోటార్‌సైకిళ్లు కూడా చేశారు, మన సభ్యుల్లో ఒకరిద్దరి దగ్గర ఆ బండి ఉండే ఉంటుంది. బండి మీద కొలత తీసుకోలేం కదా, ఉన్నవల్లా ప్రచురితమైన ప్రధాన కొలతలు, ఫొటోలు.

కొలతలు

1/200లో మొత్తం పొడవు 1067 మి.మీ., ఫ్లైట్ డెక్ వెడల్పు 195, హల్ వెడల్పు 122, నీటిలో మునిగే లోతు 36.5 మి.మీ. మనిషి 8.5 మి.మీ., మీటరు ఎత్తు రెయిలింగు 5 మి.మీ. 1/350 చేస్తే 610 మి.మీ.తో సరిపోయేది, రెయిలింగులు కూడా రెడీమేడ్‌గా దొరికేవి. కానీ ఆ స్కేలులో బోఫోర్స్ తుపాకీ గొట్టం వెంట్రుక కన్నా కాస్త లావు. పది మంది చేతులు మారే నమూనాకు అది నిలవదు.

ఫొటో నుంచి చిన్న భాగాల కొలత తీయడానికి సీ హాక్ విమానాన్నే స్కేలుగా వాడాం. దాని పొడవు 12.09 మీటర్లు, కాబట్టి దాని పక్కనే ఉన్న తలుపో ట్రాక్టరో ఎంతో తేలిపోతుంది. ఇక్కడ షరతు ఒక్కటే: రెండూ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి. ముందున్న విమానంతో వెనకున్న ఐలాండ్‌ను కొలిచిన మొదటి డ్రాయింగులో ఐలాండ్ బొమ్మరిల్లులా వచ్చింది. దాన్ని పక్కన పడేశాం.

ప్రింటవుట్ల కథ

హల్‌ను మూడు ముక్కలు చేశాం: ముందు 350, మధ్య 367, వెనక 350 మి.మీ. మూడూ కలిపి 1067. బస్సులో, రైల్లో తీసుకెళ్లడానికి వీలుగా, మూడు ఊళ్లలో ఒకేసారి పని సాగడానికి వీలుగా. ముందు ముక్క విశాఖ, మధ్యది హైదరాబాద్, వెనకది విజయవాడ జట్టు తీసుకున్నాయి.

మొదటిసారి మూడూ ఒకచోట పెడితే మధ్య ముక్క పక్కవాటికన్నా రెండు వైపులా దాదాపు 2 మి.మీ. చొప్పున లోపలికి ఉంది. రంపం తప్పు లేదు, చిత్రిక తప్పు లేదు. ఒక ఊళ్లో ఫ్రేముల (హల్‌కు పక్కటెముకల్లాంటి అడ్డ పలకల) డ్రాయింగును ఏ4 మీద ‘ఫిట్ టు పేజ్’ పెట్టి ప్రింట్ తీశారు. ప్రింటరు చెప్పాపెట్టకుండా 97 శాతానికి కుదించింది. 122 మి.మీ. ఫ్రేము 118.3 అయింది. ఆ తేడా ఒక్క ముక్కలో చూస్తే కంటికి ఆనదు, జతచేస్తేనే మెట్టులా బయటపడుతుంది. మధ్య ముక్క ఫ్రేములన్నీ మళ్లీ కోశాం.

అప్పటి నుంచి ప్రతి డ్రాయింగు మీద నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి 100 మి.మీ. గీతలు ఉంటున్నాయి. ప్రింట్ తీశాక రెండింటినీ వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. రెండు గీతలెందుకంటే కొన్ని ప్రింటర్లు కాగితం లాగే దిశలో మాత్రమే అర శాతం సాగదీస్తాయి, అడ్డం సరిగ్గానే ఉంటుంది. 0.3 మి.మీ. మించి తేడా ఉంటే ఆ కాగితం చింపేయాలి. ప్లాస్టిక్ స్కేళ్లు ఇక వద్దు. స్టేషనరీ షాపులో కొన్న రెండు 30 సెం.మీ. స్కేళ్లు పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

ఫ్రేములు, జాయింట్లు

ఫ్రేములు 3 మి.మీ. ప్లైవుడ్. వంపు ఎక్కువుండే ముందు, వెనక ముక్కల్లో 25 మి.మీ.కి ఒకటి, మధ్యలో 50 మి.మీ.కి ఒకటి. పైన 1.5 మి.మీ. బాల్సా పట్టీలు, 6 మి.మీ. వెడల్పువి. ముక్కు దగ్గర అదే వెడల్పు పట్టీ తిరగదు, అంచు లేచిపోతుంది, అక్కడ 3 మి.మీ.కి చీల్చి వేడినీటిలో నానబెట్టి వంచాలి. నానిన పట్టీని వెంటనే అంటించకూడదు. పిన్నులతో బిగించి ఒక రాత్రి ఆరనిచ్చి, తీసి, అప్పుడు జిగురు పెట్టాలి. తడిగా ఉండగానే అంటిస్తే ఆరాక కుంచించుకుపోయి పట్టీకీ పట్టీకీ మధ్య సందు వస్తుంది. ఆ సందులో పుట్టీ నింపినా ఎండాకాలంలో మళ్లీ గీత తేలుతుంది.

జాయింట్ దగ్గర రెండు ముక్కలకూ చెరో ఫ్రేము ఉంటుంది. ఆ జంట ఫ్రేములను ఎక్కడో ఒకచోటే, ఒకదాని మీద ఒకటి బిగించి, ఒకే డ్రిల్లుతో రంధ్రాలు వేయాలి. జంటకు రెండు 6 మి.మీ. కర్ర పిన్నులు, రెండు ఎం4 బోల్టులు. మొదట ఏ ఊరి ఫ్రేము ఆ ఊళ్లోనే డ్రిల్ చేసి 1.2 మి.మీ. తేడా తెచ్చుకున్నాం. ఇప్పుడు నాలుగు ఫ్రేములూ విశాఖలో చేసి పార్సిల్ పంపాం. బోల్టులు కింది నుంచి, కీల్ (ఓడ అడుగు దూలం) పక్కన వదిలిన 20 మి.మీ. రంధ్రంలోంచి ఆలెన్ కీతో బిగించాలి. పై నుంచి బిగించాలంటే డెక్ ఊడదీయాల్సి వస్తుంది.

విశాఖ గాలి గురించి కొత్తగా చెప్పేదేముంది. వానాకాలంలో ప్లైవుడ్ ఫ్రేముకు ఒక వైపే సీలర్ పూసి వదిలేస్తే రెండో వైపు తేమ పీల్చి పళ్లెంలా వంగుతుంది. రెండు వైపులా, కోసిన అంచులకు కూడా, ఒకే రోజు పూయాలి. అంచు మరిచిపోతే పూయనట్టే, తేమ ఎక్కువగా వెళ్లేది అక్కడి నుంచే. సూపర్ గ్లూ కూడా తేమలో త్వరగా పట్టి చుట్టూ తెల్లటి పొగలా మచ్చ వదులుతుంది. బ్రిడ్జి కిటికీల్లాంటి పారదర్శక భాగాలకు దాన్ని అసలు వాడొద్దు, తెల్ల జిగురు చాలు.

డెక్ ఎందుకు ఉబ్బింది

ఈ ఏడాది పెద్ద పాఠం ఇదే కాబట్టి కాస్త వివరంగా.

ఫ్లైట్ డెక్‌ను మొదట 1.5 మి.మీ. ప్లాస్టిక్ కార్డుతో (పాలీస్టైరిన్ రేకుతో), ముందు నుంచి వెనకదాకా ఒకే పొడవుగా, అతుకు కనబడకూడదని వేశాం. ఫ్రేముల మీద ఎపాక్సీతో పూర్తిగా అంటించాం. జనవరిలో అద్దంలా ఉంది. ఏప్రిల్‌లో మూడు చోట్ల అల లేచింది, ఐలాండ్ ముందు దాదాపు 2 మి.మీ. ఎత్తు.

లెక్క చూడండి. పాలీస్టైరిన్ ప్రతి డిగ్రీకి మీటరుకు సుమారు 0.07 మి.మీ. సాగుతుంది. 20 డిగ్రీలు పెరిగితే 1067 మి.మీ. డెక్ 1.5 మి.మీ. పొడవవుతుంది. కింద ప్లైవుడ్ ఆ వేడికి దాదాపు కదలదు. రెండు చివరలా కదలకుండా పట్టేసిన రేకు పొడవైతే పైకి లేవడం తప్ప దారి లేదు. ఒకటిన్నర మి.మీ. చిన్నదే అనిపిస్తుంది గానీ, అది ఎత్తుగా మారేటప్పుడు ఇంకా పెద్దదవుతుంది. ఎండలో ఆపిన కారులో పెట్టామంటే ఇక చెప్పేదేమీ లేదు.

మందమైన షీటు వేద్దామని ఒక సూచన వచ్చింది. అదైతే ఫ్రేముల్నే ఊడబెరుకుతుంది. చివరికి డెక్‌ను కూడా హల్ జాయింట్ల దగ్గరే మూడు ముక్కలుగా కోశాం. ఒక్కో ముక్కను మధ్యలో 60 మి.మీ. మేర మాత్రమే అంటించాం. అంచుల్లో రేకు జారడానికి వీలుగా ఫ్రేములకు పల్చటి గాడి వదిలాం, జాయింట్ దగ్గర 0.4 మి.మీ. సందు. మధ్య ముక్క 20 డిగ్రీలకు సాగేది అర మి.మీ., రెండు వైపులా పంచితే పావు చొప్పున. పక్క ముక్క చివర కూడా పావు వస్తుంది, అంటే ఒక్కో సందులోకి అర మి.మీ. దాకా. డెక్ బిగించిన రోజు గది 28 డిగ్రీలు ఉంది కాబట్టి ఆ పూర్తి సాగుడు రాదు, 0.4 సరిపోతోంది. చలికాలంలో బిగించేవాళ్లు అర మి.మీ. పైనే వదలండి. సందును డెక్ మీది అడ్డ గీతకు సరిగ్గా కిందకు తెచ్చాం, రంగు పడ్డాక వెతికితే గానీ కనబడదు.

ప్లాస్టిక్ కార్డు మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ గురించి మరోమాట: పల్చగా, రెండు మూడు సార్లుగా. ఒకేసారి మందంగా పెడితే అందులోని థిన్నరు రేకును మెత్తబరుస్తుంది, ఆరాక పుట్టీ గుంట పడుతుంది. పొరకూ పొరకూ మధ్య ఒక రోజు. ఉప్పుకాగితం 220తో మొదలుపెట్టి 400, 800 నీళ్లతో.

ఐలాండ్, విమానాలు

ఐలాండ్ రెజిన్‌తో తీసిన త్రీడీ ప్రింటు. బరువు తగ్గించడానికి లోపల బోలుగా చేశారు, మంచిదే, కానీ మొదటి దానికి రంధ్రం వదల్లేదు. లోపల చిక్కుకున్న పచ్చి రెజిన్ ఆరు వారాల తర్వాత గోడ పగలగొట్టుకుని జిగురులా కారింది, ప్రైమర్ సహా పోయింది. అడుగున కనీసం రెండు 3 మి.మీ. రంధ్రాలు వదలాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను లోపలికి సిరంజితో కొట్టి కడిగాకే క్యూరింగ్ (కాంతితో గట్టిపరచడం) చేయాలి. చేతి తొడుగులు లేకుండా పచ్చి రెజిన్ ముట్టుకోవద్దని పోయిన ఏడాది చెప్పాం, మళ్లీ చెప్తున్నాం.

విమానాలు ఆరు సీ హాక్‌లు, రెండు అలీజ్‌లు, ఒక హెలికాప్టర్. సీ హాక్ 60 మి.మీ. పొడవు, అలీజ్ 69, రెక్కల విస్తృతి 78. సీ హాక్‌లు ఆరూ అయ్యాయి. అలీజ్ ప్రొపెల్లరు బ్లేళ్లు సన్నగా ప్రింటయి విరుగుతున్నాయి, ఇత్తడి రేకుతో కోయాలి. వృత్తాకార గుర్తుల్లో కాషాయం బయట, ఆకుపచ్చ లోపల. మామూలు ఇంటి ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు కాబట్టి పారదర్శక డెకాల్ (నీటిలో తడిపి అంటించే బొమ్మ) కాగితం మీద తెల్ల వలయం కింది బూడిద రంగులా కనబడుతుంది. తెల్ల వెనకభాగం ఉన్న డెకాల్ కాగితం వాడి వృత్తాన్ని పంచ్‌తో కోశాం. డెక్ గీతలకు డెకాల్ వద్దు, మాస్కింగ్ టేపే. టేపు అంచున ముందు డెక్ రంగునే ఒక పూత కొట్టి, ఆ తర్వాత తెలుపు కొడితే రంగు టేపు కిందికి పాకదు.

బోఫోర్స్ గొట్టాలకు 26 గేజ్ సిరంజి సూది (0.46 మి.మీ.) 11 మి.మీ. చొప్పున కోస్తున్నాం. కట్టర్‌తో నొక్కి కోస్తే నోరు మూసుకుపోతుంది, ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరచాలి. కొత్త సూదులే వాడండి, ఇంట్లో వాడేసినవి ఎవరూ తేవద్దు.

మిగతా కార్యక్రమాలు

పాఠశాల పిల్లలకు కాగితపు ఓడల శిబిరం వేసవిలో జరిగింది. కురుసుర జలాంతర్గామి మ్యూజియం సందర్శన వర్షం వల్ల ఒకసారి వాయిదా పడి తర్వాత జరిగింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. అన్నిటికంటే ఎక్కువ ఖర్చు రెజిన్‌కు, ఆ తర్వాత రెండుసార్లు వేసిన డెక్‌కు.

వచ్చే ఏడాది వరస ఇది: ముందు మాస్టు ఇత్తడి తీగ సోల్డరింగ్, తర్వాత డెక్ గీతలు, రెయిలింగులు అన్నిటికన్నా చివర. రెయిలింగులు ముందే పెట్టేద్దామని ఉత్సాహపడే సభ్యులు దయచేసి ఆగండి. డెక్ మీద చేయి ఆనించకుండా గీతలు వేయడం ఎవరివల్లా కాదు. నేవీ డే నాటికి, అంటే డిసెంబరు 4కు, మూడు ముక్కలూ విశాఖలో కలపాలన్నది లక్ష్యం.

సంఘం వెర్నియర్ రెండింటిలో ఒకటి మార్చి నుంచి కనబడటం లేదు. తీసుకున్నవారు ఈ సమావేశానికి తెస్తే, రెండో జాయింటు అక్కడే సరిచూసుకుందాం.