హోమ్ ప్రారంభం: సభ్యులకు మనవి

అందరికీ నమస్కారం. విరాళాలతో కట్టిన మన వికలాంగుల హోమ్ ఈ ఆదివారం మొదలవుతోంది. సభ, సన్మానాలు వద్దనుకున్నాం. ఆ డబ్బుతో గాలి పరుపులు కొంటున్నాం.

ర్యాంపు కొలిచి చూసుకున్నాం: అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. తలుపులు 90 సెంటీమీటర్ల వెడల్పు. బాత్‌రూమ్‌లో వీల్‌చైర్ తిరగడానికి 150 సెంటీమీటర్ల ఖాళీ వదిలాం. ఖాళీగా ఉంది కదా అని దయచేసి అక్కడ బకెట్లు, స్టూళ్లు పెట్టకండి.

ఇక అసలు సంగతి డబ్బు. కట్టడానికి ఇచ్చినవాళ్లు చాలామంది, నడపడానికి ఇచ్చేవాళ్లు తక్కువ. గోడ మీదైతే పేరుంటుంది, రాత్రి డ్యూటీ ఆయా జీతం మీద ఉండదు మరి! కానీ సొంతంగా కదలలేని మనిషిని రాత్రిళ్లు కూడా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. అందుకే ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా నెలనెలా ఎంతో కొంత ఇస్తే మాకు ఎక్కువ మేలు.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, 19వ అధికరణంలో, ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు వాళ్లదేనంటుంది. కాబట్టి గది తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. తలుపు తట్టి, రమ్మంటేనే లోపలికి వెళ్లండి. వాళ్లను అడగకుండా తీసిన ఫోటోలు ఈ గ్రూపులో కనిపిస్తే తీసేస్తాం, ఎవరు పెట్టినా సరే.

నెలవారీ సాయం చేయగలిగినవాళ్లు, వారానికో రాత్రి అక్కడ ఉండగలిగినవాళ్లు శనివారంలోగా నాకు విడిగా మెసేజ్ పెట్టండి.