గేటు దాటి వచ్చిన ఆవుకు ఎవరు జవాబుదారీ?

సంపాదకుడికి,

చెన్నైలో పశువుల బెడద అనగానే అందరికీ రోడ్డే గుర్తొస్తుంది. 2023 ఆగస్టులో అరుంబాక్కంలో బడి నుంచి వస్తున్న చిన్నారిని ఆవు కుమ్మిన దృశ్యం చూసి ఊరంతా వణికింది. పశువును రోడ్డు మీద వదిలిన యజమానికి వేసే జరిమానాను కార్పొరేషన్ 5 వేల రూపాయలు చేసింది. మరుసటి ఏడాది దాన్ని 10 వేలకు, రెండోసారి పట్టుబడితే 15 వేలకు పెంచింది. మంచిదే. కానీ ఆ ఆవే గేటు తోసుకుని అద్దె ఇంటి ఆవరణలోకి వస్తే అడిగే నాథుడు లేడు.

విల్లివాక్కంలో మేము కింది వాటాలో అద్దెకు ఉంటున్నాం. పక్క సందులో ఒకాయన పాడి ఆవులను పెంచుతున్నారు. తెల్లవారుజామున పాలు పితకడం, తాడు విప్పి వీధిలోకి వదలడం ఆయన దినచర్య. వాటిలో ఒక ఎర్రావు మా గేటు తీయడం నేర్చింది. గడియ కిందికి కొమ్ము కొన పోనిచ్చి మెడ ఒక్కసారి విదిలిస్తుంది, అంతే. కరివేపాకు చెట్టు మోడైంది, మందారకు చిగురు మిగలడం లేదు, తీగ మీద ఆరేసిన పంచె సగం నమిలి వదిలేసింది. పోతూ పోతూ మెట్ల మీద పేడ. ఆయనను అడిగితే, "కళ్లాపికి పేడ ఊరికే దొరికింది కదా సార్, గేటు గట్టిగా వేసుకోండి" అన్నారు. ఇంటి యజమానిదేమో మరో ధోరణి: గేటు మీ ఖర్చుతో బాగు చేయించుకోండి, వాళ్లు ఇక్కడి పాతకాపులు, తగాదా వద్దు.

2019 నుంచి అమల్లో ఉన్న తమిళనాడు అద్దె చట్టం ప్రకారం కట్టడానికి సంబంధించిన మరమ్మతులు యజమానివి, వాడుకునే తోట, ఖాళీ స్థలం సంరక్షణ అద్దెదారుడిది. అలా తోట మాది, గోడ ఆయనది అయ్యాయి. గేటు మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. గట్టిగా అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారన్న భయం ఎలాగూ ఉంటుంది.

పాలవాళ్ల ఇబ్బంది తెలియనిది కాదు. మేత బయళ్లన్నీ ఇళ్ల స్థలాలయ్యాయి, దాణా ధరలు మండిపోతున్నాయి. అయినా ఆవును మేపే ఖర్చు మా కరివేపాకు చెట్టు మీద, వీధి చివరి చెత్తకుండీ మీద వేయడం ఏం న్యాయం? ఆ కుండీలో అది ప్లాస్టిక్ సంచులతో సహా తింటోంది. ఆ పాలే మళ్లీ మనం కొంటున్నాం.

నగరాల్లో పశువుల పెంపకాన్ని నియంత్రించడానికి తమిళనాడులో 1997లోనే చట్టం వచ్చింది. మనిషి ప్రాణానికి ముప్పు కలిగేలా పశువును అజాగ్రత్తగా వదిలితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5 వేల వరకు జరిమానా ఉన్నాయి. అయితే మనిషిని కుమ్మేదాకా ఆగకుండా, గడియ తీసిననాడే పట్టించుకోవాలి. కొందరు విసిగిపోయి వేడినీళ్లు చల్లుతున్నారు, రాళ్లు రువ్వుతున్నారు. అది నేరం. పైగా ఆవు చేసిన తప్పు కూడా కాదు.

ఈ పశువుల చెవికి 12 అంకెల పసుపు బిళ్ల వేస్తున్నారు. యజమాని ఎవరో తెలుసుకోవడానికి అంతకంటే ఏం కావాలి? ఇంట్లో ఉంటున్నవారు, అద్దెదారులైనా సరే, ఆ బిళ్ల ఫొటో తీసి కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కు ఫిర్యాదు చేస్తే చాలనే పద్ధతి పెట్టాలి. మొదటిసారి నోటీసు, మళ్లీ వస్తే రోడ్డు మీద పట్టుబడ్డ పశువుకు వేసే జరిమానాయే వేసి బందెలదొడ్డికి తరలించాలి. ఫిర్యాదు చేసినవారి పేరు పశువు యజమానికి గానీ, ఇంటి యజమానికి గానీ చెప్పకూడదు.

— ఒక అద్దెదారు, విల్లివాక్కం, చెన్నై