ప్రత్యర్థి బలమా, ఆ మ్యాచ్ స్కోరా?

సంపాదకులకు,

అమెరికాలోని మన పిల్లలు, విద్యార్థులు తయారుచేసిన రోబోలతో ఆడే వెక్స్ రోబోటిక్స్ పోటీల్లో మంచి ర్యాంకులు సాధిస్తున్నారన్న వార్తలు చదివినప్పుడల్లా సంతోషం కలుగుతుంది. అయితే నాకౌట్‌కు ముందు జరిగే క్వాలిఫికేషన్ మ్యాచ్‌ల పట్టికలో ఆ ర్యాంకు ఎలా తేలుతుందో పాఠకులకు తెలియజేయడం అవసరమని నా అభిప్రాయం.

ఈ పోటీలో రెండు జట్ల కూటమి మరో రెండు జట్ల కూటమితో తలపడుతుంది. జోడీ ఎవరో, ప్రత్యర్థులెవరో ముందే యాదృచ్ఛికంగా ఖరారవుతుంది. ర్యాంకుకు మొదట గెలుపు పాయింట్లు, అవి సమానమైతే ఆటోనమస్ పాయింట్లు (డ్రైవరు లేకుండా రోబో తనంతట తాను ఆడే దశలో వచ్చేవి), అవీ సమానమైతే 'షెడ్యూల్ బలం' పాయింట్లు చూస్తారు. నా అభ్యంతరం ఈ మూడోదాని మీదే. ఓడిన కూటమి స్కోరు ఎంతో, ఆడిన నాలుగు జట్లకూ అన్ని పాయింట్లే వేస్తారు. 60–55తో గెలిస్తే 55 వస్తాయి. అదే ప్రత్యర్థిని గట్టిగా అడ్డుకుని 60–15తో గెలిస్తే 15తో సరిపెట్టుకోవాలి. ఎదుటి రోబో బ్యాటరీ వైరు ఊడి మధ్యలో ఆగిపోయినా నష్టం గెలిచినవారికీ తప్పదు. గెలుపు ఖాయమయ్యాక ఇక అడ్డుకోవద్దని డ్రైవరుకు ఎవరైనా చెబితే, నియమమే అలా ఉన్నప్పుడు వారిని తప్పుపట్టలేము. 2010లో 'ఫస్ట్' (FIRST) అనే మరో సంస్థ రోబోటిక్స్ పోటీల్లో ఓడినవారికీ గెలిచినవారి స్కోరే ఇచ్చినందువల్ల, రెండు కూటముల ఆరు రోబోలూ కలిసి ఒకే వైపు గోల్స్ వేసే ఎత్తుగడ పుట్టింది.

చదరంగంలో ప్రత్యర్థి బలాన్ని ఆ ఒక్క ఆటను బట్టి కొలవరు. ఎవరూ నిష్క్రమించకుండా, దాదాపు సమాన పాయింట్లున్నవారు తలపడే స్విస్ టోర్నీల్లో, సమంగా నిలిచినవారిని వేరుచేయడానికి బుక్‌హోల్జ్ పద్ధతి ప్రకారం ప్రత్యర్థులు టోర్నీ అంతటా తెచ్చుకున్న పాయింట్లను కూడతారు. ఆటగాడి బలాన్ని అంకెలో చెప్పే ఈలో రేటింగులో ప్రత్యర్థి కంటే 200 ఎక్కువ ఉన్న ఆటగాడు నూరు ఆటల్లో సుమారు 76 పాయింట్లు (గెలుపుకు ఒకటి, డ్రాకు అర) రాబడతాడని అంచనా. అంతకు తగ్గితే అతని రేటింగు పడుతుంది. 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటిన మన వరంగల్ ఇరిగేశి అర్జున్‌కు, తనకంటే తక్కువ రేటింగు ఉన్నవారితో డ్రా చేసుకున్నా నష్టమే.

రోబోటిక్స్‌లో మరో చిక్కు ఉంది: బలమైన జోడీ దొరకడం కూడా అదృష్టమే. అందువల్ల ప్రత్యర్థుల సగటు గెలుపు పాయింట్లలోంచి జోడీల సగటును తీసివేసి, మిగిలినదాన్ని షెడ్యూల్ బలంగా పరిగణించడం న్యాయమని నేను భావిస్తున్నాను. ఈ లెక్క చివరి మ్యాచ్ దాకా మారుతూనే ఉంటుందన్న మాట నిజమే. కానీ పై ర్యాంకుల వారే కెప్టెన్లయి, నాకౌట్‌లో తమ జోడీని వరుసగా ఎంచుకుంటారు. ర్యాంకు అంత కీలకం గనుక ఆ ఇబ్బంది భరించదగినదే.

— ఒక రోబోటిక్స్ మెంటర్, ఫ్రిస్కో, టెక్సాస్