నాన్నగారికి, మా ఆఫీసు ఆటల సంగతి

డబ్లిన్,
నవంబరు 14.

పూజ్యులైన నాన్నగారికి మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది. నేనిక్కడ క్షేమం. అమ్మ మోకాళ్ళకు కొత్త మందు పనిచేస్తున్నదా అని అడిగితే తమ్ముడు ఫోనులో మాట దాటవేశాడు. మీరైనా ఉన్నది ఉన్నట్టు రాయగలరు.

"పెద్దవాళ్ళ చేత ఆటలాడించడానికా అమ్మా, అంత దూరం వెళ్ళావు" అని పోయిన ఆదివారం మీరు నవ్వుతూనే అన్నారు గాని, ఆ మాట నాకు వారమంతా గుచ్చుకుంటూనే ఉంది. అసలు పని ఎప్పటిలాగే సాగుతున్నది, చెప్పుకోవలసిందేమీ లేదు. మా విభాగంలో 14 మందిమి. సగం మంది ఇళ్ళ నుంచే పనిచేస్తారు కాబట్టి గొంతు తెలిసినవారి ముఖం తెలియదు. ముఖం తెలియనివారిని సందేహం అడగడానికి ఎవరికైనా జంకే, ఆ జంకు వల్లనే చిన్న పొరపాటు ముదిరిపోతుంది. అందుకే నెలకొక గురువారం గంటసేపు ఆడిస్తున్నాను.

మొదటి ఆటలో ఎవరికి వారు తమ గురించి రెండు నిజాలూ ఒక అబద్ధమూ చెప్పాలి, అబద్ధమేదో మిగిలినవారు పట్టుకోవాలి. ఆడించేవారే ముందు నోరు విప్పితే తక్కినవారికి బెరుకు తగ్గుతుందని నేనే మొదలుపెట్టాను. మా నాన్నగారు బడిలో డ్రిల్లు మాస్టారన్నాను. పెద్దచెరువులో ఈత నేర్చుకున్నానన్నాను. విజయదశమి వెళ్ళిన మంగళవారం మా ఊళ్ళో సిరిమాను పండుగకు చింతమాను చివర పూజారిగారు కూర్చుంటే, ఆ మానును పైకెత్తి కోట దాకా మూడుసార్లు తిప్పుతారనీ, జనం అరటిపళ్ళు విసురుతారనీ చెప్పాను. ఒక్కరు తప్ప అందరూ సిరిమానే అబద్ధమన్నారు! మీరు చెరువు గట్టు కూడా దిగనివ్వని నాకు ఈత వచ్చంటే మాత్రం మారుమాట లేకుండా నమ్మేశారు. వీడియో చూపించాక నోళ్ళు వెళ్ళబెట్టారు గాని, మీ భుజాల మీద కూర్చుని చూసిన మాను కళ్ళ ముందు కదిలి, ఆ పూట నాకు పని సాగలేదు. ఈ ఏడు కూడా రాలేకపోయాను కదా.

రెండో నెల తప్పు చేశాను. చిన్ననాటి ముచ్చట ఒకటి చెప్పమన్నప్పుడు, మాలో వయసు మళ్ళిన ఒకాయన తనకు వద్దన్నారు; నేను నవ్వుతూ మళ్ళీ మళ్ళీ బలవంతపెట్టాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ బాల్యం తలుచుకోదగినది కాదని తరువాత తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టక, మీ బడిలో కాలు సరిగా లేని కుర్రవాడి మెడలో మీరు ఈల వేసి కబడ్డీకి అంపైరును చేసిన రోజు జ్ఞాపకం వచ్చింది. అప్పటి నుంచి ముందు ఇద్దరిద్దరిని కలిపి, ఆ తరువాతే గుంపులోకి తెస్తున్నాను, నిన్న రాత్రి ఏం వండుకున్నారు వంటి తేలిక ప్రశ్నలే వేస్తున్నాను, వద్దన్నవారిని వదిలేస్తున్నాను.

ఇంకొక ఆట మీకు నచ్చుతుంది. నలుగురేసి జట్లకు ఉడకబెట్టని పొడవాటి సేమ్యా పుల్లలు 20, గజం దారం, గజం టేపు, దూదిలా మెత్తని తీపి ఉండ ఒకటి ఇస్తాము. 18 నిమిషాలలో పుల్లలతో గోపురం కట్టి దాని కొసన ఆ ఉండను నిలపాలి. కట్టడమంతా అయ్యాక చివరి క్షణంలో ఉండ పెట్టినవారి గోపురం వంగి కూలుతుంది. మొదటి నుంచీ పెట్టి చూసుకుంటూ కట్టినవారిది నిలుస్తుంది. దీనికి గడియారం పట్టుకుని ఈల వేసే పని ఆ పెద్దాయనకే అప్పగించాను, కాదనలేదు.

తమ్ముడి స్నేహితుడు వచ్చే నెల ఇటు వస్తున్నాడట. అటక మీది వామనగుంటల పీట, అమ్మ గవ్వలు అతనితో పంపించండి. అమ్మ నియమాలు కూడా రాసిపెడితే మంచిది, నాకు సగమే గుర్తు.

ఆ పెద్దాయన తన గురించి ఇప్పటికీ ఒక్క ముక్క చెప్పలేదు. పోయిన గురువారం మాత్రం నా బల్ల దగ్గరకు వచ్చి, అంత ఎత్తున మాను కొసన కూర్చున్నవారికి భయం వేయదా అని అడిగారు. మా నాన్నగారిని కనుక్కుని చెబుతానన్నాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
మీ పెద్దమ్మాయి.