కాలువగట్టు మీది సైనికుడి విగ్రహం గురించి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి నమస్కారములు.

1999 కార్గిల్ యుద్ధంలో ప్రాణమిచ్చిన మా ఊరి కుర్రవాడి విగ్రహం గురించి పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు. అందుకే పదిమంది ఎదుట రాస్తున్నాం.

మోచేతి దగ్గర సిమెంటు పెచ్చులూడి లోపలి ఇనుప చువ్వ బయటపడింది. ఉప్పుగాలికి చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, సిమెంటును లోపలినుంచి చీలుస్తుంది. పైపైన మెత్తి రంగు వేస్తే మళ్ళీ ఊడుతుంది. గతంలో జరిగిందీ అదే. పగిలినంత మేరా చెక్కి, చువ్వను ఇనుపతీగల బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, తుప్పును ఆపే జింక్ ప్రైమర్ పూశాకే, పట్టు పెంచే పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టారుతో నింపాలి. విగ్రహం కింది దిమ్మె కూడా ఒరిగింది. దానికి కారణం డెల్టా బంకమన్ను. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. పునాది కింద ఇసుక పోసి, తడిపి, దట్టించి దిమ్మెను తిరిగి కట్టాలి. చుట్టూ వాలుగా చప్టా వేయాలి.

రంగుతో రాసిన పేరు సగం చెరిగింది. రోజూ పువ్వు పెట్టే ఆ కుర్రవాడి తల్లి మిగిలిన అక్షరాలనే వేలితో తడుముకుంటోంది. నల్ల గ్రానైటు పలకపై చెక్కించండి. హోదా, రెజిమెంటు, తేదీ సైన్యం రికార్డుతో సరిచూశాకే చెక్కాలి. రాతిమీద తప్పు దిద్దలేం.

జూలై 26 కార్గిల్ విజయ్ దివస్. ఆలోగా పని ముగియాలి. వానలు ముదిరితే సిమెంటు పని సాగదు. వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేసినప్పుడే పని మొదలుపెట్టించి, అంచనా వ్యయం, పూర్తిచేసే తేదీ రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
గ్రామ తాపీమేస్త్రీలు, గ్రామస్థులు