కోళ్ల షెడ్లలో కరెంటు వాడకం గురించి సభ్యులకు మనవి

గౌరవ సభ్యులకు నమస్కారం. ఎండలు ముదరకముందే షెడ్లలో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో ఒకసారి చూసుకోవాలని మనవి. కొత్త ఫ్యాన్లు కొనే ముందు, మెయిన్ స్విచ్ ఆపి, ఉన్నవాటి రెక్కలను పరిశీలించండి. ఈకల నూగు, మేత దుమ్ము కలిసి పొరగా గట్టిపడినా, బెల్టు వదులైనా, మోటారు కరెంటు తింటూనే ఉంటుంది గానీ కోళ్లకు తగినంత గాలి అందదు.

రేకుల కప్పు మీద తెల్ల సున్నం వేస్తే లోపలికి దిగే వేడే తగ్గుతుంది కనుక, నా దృష్టిలో మొదటి ఖర్చు దానికే పెట్టాలి. కొత్తగా కట్టేవారు షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండేలా చూసుకోవాలి.

గుడ్ల కోళ్లకు రోజుకు 16 గంటల వెలుతురు ఇస్తాం కాబట్టి, 60 వాట్ల బల్బుల స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే వెలుతురు తగ్గకుండానే బిల్లు తగ్గుతుంది. అయితే బ్రూడరులో, అంటే కోడిపిల్లలను వెచ్చగా ఉంచే చోట, బల్బు పెట్టేది వేడి కోసం. మొదటి వారం పిల్లలకు సుమారు 33 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి కాబట్టి ఎల్‌ఈడీ అక్కడ పనికిరాదు. ఆ వేడి బయటికి పోకుండా పరదాల కింది సందులు మూయండి, కానీ రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు నిలవకుండా పైభాగం కొంత తెరిచే ఉంచండి.